కారు కిటికీ: ఒక మీట చరిత్ర

కారు అద్దాన్ని చేత్తో తిప్పే పిడి పోయి వేలితో నొక్కే మీట రావడం 1940లోనే జరిగింది. ఆ మీట ఎలా ఉండాలో తేల్చుకోవడానికి మాత్రం మరో అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆ ఏడాది అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ తన ఖరీదైన కార్లలో ఈ సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది. తొలినాళ్ళలో అద్దాన్ని లేపినది నేరుగా విద్యుత్తు కాదు. మోటారు ఒక పంపును నడిపితే, ఆ ఒత్తిడికి ద్రవం గొట్టాల గుండా తలుపులలోని సిలిండర్లకు చేరేది. గొట్టం కారితే తలుపు రంగూ సీటు గుడ్డా పాడయ్యేవి. 1950లలో తలుపుకొక చిన్న మోటారు వచ్చి ఆ బెడద తీరింది.

నా పాత కారు తలుపు అట్ట విప్పించినప్పుడు చూశాను, ఏర్పాటు ఎంతో సరళం. మీటను ఒకవైపు నొక్కితే మోటారులో కరెంటు ఒక దిశలో, రెండవవైపు నొక్కితే ఎదురు దిశలో ప్రవహిస్తుంది. కనుక రోగనిర్ణయమూ సులువే. చప్పుడే లేకపోతే ఫ్యూజు, మీట, తలుపు కీలు దగ్గర మడతలు పడి తెగే వైరు వరుసగా చూడాలి. మోటారు తిరుగుతున్నా అద్దం కదలకపోతే దాన్ని మోసే తీగో పళ్ళచక్రమో పాడైనట్టు. మూలుగుతూ మెల్లగా లేస్తే, చాలాసార్లు దోషం దుమ్ము పట్టి బిగిసిన రబ్బరు గాడిది. దాన్ని శుభ్రపరచి సిలికాన్ స్ప్రే కొడితే సరి. నూనె పూస్తే రబ్బరు చెడుతుంది.

అయితే ఈ చరిత్రలో విషాదమూ ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టిన పసిపిల్లల మోకాలు మీటపై పడి, అద్దం లేచి మెడకు బిగిసి ప్రాణాలు పోయిన సంఘటనలు జరిగాయి. ఇంజను తాళం తిప్పి ఉంటేనే సాధారణంగా అద్దం మూసుకోవాలన్న నిబంధన అమెరికాలో 1971లో అమలులోకి వచ్చింది. పొరపాటున మోకాలు తగిలితే పనిచేయని మీటలు ఉండాలని 2004లో, పైకి లాగితేనే అద్దం లేవాలని 2005లో నిర్ణయించారు.

పాత కార్లలో ఈ రక్షణలు చాలావరకు లేవు. అడ్డు తగిలితే వెనక్కి దిగే తెలివీ వాటి అద్దాలకు ఉండదు. మరమ్మతు చక్కగా కుదిరిన అద్దం పూర్తి బలంతో లేస్తుంది. అందుచేత, మిత్రులారా, మెకానిక్కుకు డబ్బు ఇచ్చేముందు డ్రైవరు వైపున్న లాక్ మీట వెనుక కిటికీలను నిజంగా ఆపుతున్నదో లేదో కూడా పరీక్షించండి.