ఎలిజబెత్ టిల్లీ పుట్టిల్లు

అమెరికాకు తొలినాళ్లలో వలసపోయిన ఇంగ్లీషు కుటుంబాల వంశచరిత్రను కూర్చేవారికి 17వ శతాబ్దపు న్యూ ఇంగ్లండులో కాగితాలకు కొరత లేదు. అయినా ఆ కాగితాల్లో స్త్రీల జాడ అంత సులభంగా దొరకదు. ప్లిమత్ వలసకు నాయకులైనవారు వేర్పాటువాదులు, అంటే ఇంగ్లండు రాజ్యచర్చిని లోపలి నుంచి సంస్కరించడం సాధ్యం కాదని నిశ్చయించుకొని దానితో తెగతెంపులు చేసుకున్న ప్రొటెస్టెంట్లు. వారు చదువుకూ రాతకూ విలువ ఇచ్చినవారు గనుక పొలం పంచుకున్నా, అప్పు ఇచ్చినా, పొరుగువాడితో తగవు పడినా ఆ సంగతి కోర్టు పుస్తకంలోకి ఎక్కేది. పెళ్లిని మాత్రం వారు మతసంస్కారంగా ఎంచక, మేజిస్ట్రేటు ఎదుట జరిగే పౌర ఒప్పందంగా భావించారు. ఇంగ్లండులో ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కొక్క చర్చి కిందికి వచ్చే గ్రామ పరిధిలో, బాప్తిస్మాలను, వివాహాలను, ఖననాలను చర్చి గురువు నమోదు చేయాలని 1538లోనే ఆజ్ఞ వెలువడగా, ప్లిమత్‌లో జనన మరణ వివాహాలను పట్టణ గుమాస్తా రాసిపెట్టాలన్న కట్టడి 1646లో గాని రాలేదు. వలస మొదలైన నాటి నుంచి అప్పటిదాకా గడిచిన పాతికేళ్లలో పెళ్లయిన స్త్రీలు చాలావరకు భర్త ఇంటిపేరుతోనే రికార్డుల్లోకి వచ్చారు కాబట్టి, వారి పుట్టింటివారెవరో తెలుసుకోవడానికి వేరే పని మీద రాసిన కాగితాలను తిరగవేయడం తప్ప దారి లేదు. మేఫ్లవర్ ఓడలో వచ్చిన జాన్ హౌలండ్ భార్య ఎలిజబెత్ విషయంలో ఈ వెదుకులాట తెమలడానికి దాదాపు మూడున్నర శతాబ్దాలు పట్టింది.

హౌలండ్ 1620లో ఆ ఓడ ఎక్కిన 102 మంది ప్రయాణికుల్లో ఒకడు. జాన్ కార్వర్ అనే సంపన్నుడి కొలువులో సేవకుడు. నడిసముద్రంలో తుఫాను రేగినప్పుడు ఇతడు ఓడపైకి వచ్చి నీళ్లలో పడిపోయి, పక్కన వేలాడుతున్న తెరచాప తాడును అందుకొని ప్రాణం దక్కించుకున్న సంగతిని, తరువాతి కాలంలో గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ తన చరిత్ర గ్రంథంలో నమోదు చేశాడు. తీరం చేరాక పాలన కోసం పురుషులు రాసుకున్న ఒప్పందంపై సంతకం చేసిన 41 మందిలో కూడా హౌలండ్ ఉన్నాడు. వలసకు తొలి గవర్నరైన కార్వర్ 1621 వసంతంలో మరణించగా, కొద్ది వారాలకే ఆయన భార్య కూడా కన్నుమూసింది. అప్పటికే చలికీ రోగాలకూ ఓడలో వచ్చినవారిలో సుమారు సగం మంది చనిపోయారు. యజమాని పోయిన సేవకుడు స్వతంత్రుడై, క్రమంగా భూములు సంపాదించి, కెనెబెక్ నది మీద ప్లిమత్‌వారు నడిపిన బొచ్చు వర్తక కేంద్రానికి అధికారిగా పనిచేసి, పదిమంది పిల్లల తండ్రిగా వృద్ధుడయ్యాడు.

అతని సంతతిలో తరతరాలుగా చెప్పుకొన్న మాట ఏమంటే, ఎలిజబెత్ గవర్నరు కార్వర్ కూతురని. ఇటువంటి కథ పుట్టడానికి కారణం ఊహించడం కష్టం కాదు: సేవకుడు యజమాని కూతురిని పెళ్లాడాడంటే కథకు అందం వస్తుంది, వంశానికి గవర్నరు రక్తమూ కలుస్తుంది. దిక్కులేని పిల్లగా మిగిలిన ఎలిజబెత్‌ను కార్వర్ ఇంట్లోనే ఉంచుకొని ఉంటారన్న ఊహ నిజమైతే, ఈ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టలేదనీ అనుకోవచ్చు. ఏమైనా 19వ శతాబ్దం నాటికి అది నోటి మాట దశ దాటి అచ్చు పుస్తకాల్లోకీ, ప్లిమత్ శ్మశానం గుట్ట మీద వంశీకులు నిలిపిన రాతి ఫలకం మీదికీ చేరింది. రాతి మీద చెక్కినదాన్ని చూసినవారికి అది సాక్ష్యంగానే తోస్తుంది. అయితే మనిషి పోయిన నూటయాభై ఏళ్లకు పైగా గడిచాక మునిమనవలు చెక్కించిన మాటకు, వారి తాతలు చెప్పిన మాటకు మించిన విలువ లేదు.

ఈ కథను కూల్చినది బ్రాడ్‌ఫర్డ్ చేతిరాత. ఆయన గ్రంథం రాతప్రతిగానే మిగిలిపోయి, బోస్టన్‌లోని ఓల్డ్ సౌత్ చర్చిలో ఒక గ్రంథ సంచయంలో భాగంగా ఉంటూ, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో మాయమైంది. 1855లో అది లండను బిషప్పుకు చెందిన ఫుల్‌హామ్ భవనంలోని గ్రంథాలయంలో ఉన్నట్లు గుర్తించి, మరుసటి సంవత్సరం బోస్టన్‌లో అచ్చు వేశారు. అసలు ప్రతి 1897లో మసాచుసెట్స్‌కు తిరిగివచ్చింది. గ్రంథం చివర బ్రాడ్‌ఫర్డ్, వలస వచ్చి ముప్పై ఏళ్లు గడిచాక, మేఫ్లవర్‌లో ఏయే కుటుంబంలో ఎవరెవరు వచ్చారో, వారిలో ఎవరు చనిపోయారో, ఎవరి సంతానం ఎంత పెరిగిందో ఇంటింటికీ లెక్క రాశాడు. ఆ లెక్కలో కార్వర్ దంపతులకు వెంట వచ్చిన పిల్లలు ఎవరూ కనిపించరు. జాన్ టిల్లీ, అతని భార్య, వారి కూతురు ఎలిజబెత్ అని మరోచోట ఉంది. టిల్లీ దంపతులు ఇద్దరూ ఓడ తీరం చేరిన కొద్దికాలానికే మరణించారనీ, వారి కూతురిని హౌలండ్ వివాహమాడాడనీ, వారికి పదిమంది పిల్లలు సజీవంగా ఉన్నారనీ స్పష్టంగా ఉంది. ఆ దంపతులు ఇద్దరూ బతికి ఉండగా, వారి మధ్యనే ఉన్న మనిషి రాసిన మాట ఇది. వంశచరిత్రకారులు సమకాలిక సాక్ష్యం అనే పేరుతో దేనిని కోరుకుంటారో దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

పెళ్లి ఎప్పుడు జరిగిందన్న ప్రశ్నకు మాత్రం బ్రాడ్‌ఫర్డ్ దగ్గర జవాబు లేదు. దానికి ఆవుల పంపకాన్ని ఆశ్రయించాలి. వలసకు పెట్టుబడి పెట్టిన లండను వర్తకులతో కుదిరిన ఒప్పందం ప్రకారం తొలి ఏడేళ్లూ ఆస్తి ఉమ్మడిగానే సాగింది. ఆ ఏర్పాటు ముగిసిన 1627లో ఉన్న కొద్ది పశువులను పంచుకోవలసి వచ్చినప్పుడు, వలసలోని 156 మందిని, చంటిపిల్లలతో సహా, పదమూడేసి మంది చొప్పున 12 జట్లుగా విడదీసి చీట్లు వేశారు. పాలూ దూడలూ అందరికీ సమానంగా అందాలన్నదే ఉద్దేశం కాబట్టి గుమాస్తా పురుషుల పేర్లతో ఊరుకోకుండా భార్యల పేర్లూ పిల్లల పేర్లూ రాయక తప్పలేదు. నాలుగో జట్టులో హౌలండ్, భార్య ఎలిజబెత్, చిన్న జాన్, డిజైర్ అనే కూతురు కనిపిస్తారు. వారి జట్టుకు రాగ్‌హార్న్ అనే పేరున్న పెయ్య వచ్చింది. 1627 మే నాటికే ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి పెళ్లి 1624 ప్రాంతంలో జరిగి ఉంటుందని లెక్క తేలుతుంది. పెద్ద కూతురి పేరు కూడా కొంత చెబుతుంది: కార్వర్ కుటుంబంతో ఓడలో వచ్చి, తరువాత ఇంగ్లండుకు తిరిగిపోయి మరణించిన డిజైర్ మింటర్ అనే యువతి పేరే ఆ బిడ్డకు పెట్టుకున్నట్లు కనిపిస్తుంది. వంశాల పట్టిక తయారుచేయాలని ఎవరైనా కూర్చుని ఉంటే ప్లిమత్‌లో ఇంత పూర్తి జాబితా వచ్చేది కాదేమో.

తరువాతి తరాన్ని పట్టుకోవడానికి వీలునామాలే ప్రధాన ఆధారం. వీలునామాతో పాటు, మనిషి పోయాక ఇరుగుపొరుగు పెద్దలు ఇంట్లోని మంచాలు, కుండలు, పుస్తకాలతో సహా ప్రతి వస్తువునూ వెలకట్టి రాసే ఆస్తి జాబితా కూడా కోర్టుకు చేరేది. హౌలండ్ 1672 మేలో రాయించిన వీలునామాలో కొడుకులకు భూములు, ఆరుగురు కూతుళ్లకు తలా ఇరవై షిల్లింగులు రాశాడు. సొమ్ము స్వల్పమే గాని, అది పుచ్చుకోవలసిన కూతుళ్లను అత్తవారి ఇంటిపేర్లతో, డిజైర్ గోరమ్, హోప్ చిప్‌మన్, లిడియా బ్రౌన్, రూత్ కుష్మన్ ఇత్యాదిగా పేర్కొనడం వల్ల, ఆరు వేరువేరు కుటుంబాల వారు తమ వంశాన్ని హౌలండ్‌తో ముడివేయగలుగుతున్నారు. అతని మరణం రికార్డులో 1672 ఫిబ్రవరి 23 అని ఉంటుంది. వీలునామా రాసింది అదే ఏటి మే నెలలో అయితే, ఫిబ్రవరిలో చనిపోయినవాడు మేలో వీలునామా ఎలా రాశాడన్న సందేహం కొత్తవారికి కలగడం సహజం. ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ 1752కు ముందు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఉగాదిని ఎరిగిన తెలుగు పాఠకులకు సంవత్సరం వసంతంలో మారడం వింతగా తోచదు. ఆ లెక్కన ఫిబ్రవరి ఏడాది చివరి నెలల్లోది. అంటే హౌలండ్ పోయింది నేటి గణనలో 1673. ఈ తికమక రాకుండా వంశచరిత్రకారులు జనవరి నుంచి మార్చి 24 వరకు గల తేదీలకు 1672/3 అని రెండు సంవత్సరాలనూ రాస్తారు.

ఎలిజబెత్ భర్త పోయాక స్వాన్సీలో కూతురు లిడియా ఇంట బతికి, 1687 డిసెంబరులో మరణించింది. అంతకు ముందు ఏడాది, 1686 డిసెంబరు 17న రాయించిన వీలునామాలో ఆమె తన వయసు డెబ్బైతొమ్మిది ఏళ్లని చెప్పుకుంది. లాంఛనంగా రాసే వాక్యంలో ఒదిగిన ఆ అంకె విలువ 1976లో తేటతెల్లమైంది. మేఫ్లవర్ యాత్రికుల్లో టిల్లీలది ఇంగ్లండులో ఏ ఊరన్న చర్చకు ముగింపు పలుకుతూ రాబర్ట్ లీ వార్డ్ అనే పరిశోధకుడు ఆ సంవత్సరం ‘ది అమెరికన్ జీనియాలజిస్ట్’ పత్రికలో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని హెన్లో గ్రామ పారిష్ రిజిస్టరు వివరాలు ప్రకటించాడు. అక్కడ 1596లో జాన్ టిల్లీకి జోన్ హర్స్ట్ రోజర్స్ అనే వితంతువుతో వివాహం జరిగింది. 1607 ఆగస్టు 30న వారి కూతురు ఎలిజబెత్‌కు బాప్తిస్మం అయింది. ఆ ఆగస్టు నుంచి 1686 డిసెంబరుకు సరిగ్గా డెబ్బైతొమ్మిది నిండుతాయి. పేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకరే కానక్కరలేదు. జాన్ టిల్లీ వంటి పేర్లు ఇంగ్లండులో ఎన్నో ఊళ్లలో దొరుకుతాయి. హెన్లో వాదాన్ని నిలబెట్టినది వయసు లెక్క ఒక్కటే కాదు: ఓడలో జాన్‌తో పాటు వచ్చిన ఎడ్వర్డ్ టిల్లీ, అతని వెంట వచ్చిన బంధువులు హ్యుమిలిటీ కూపర్, హెన్రీ శాంసన్‌ల కుటుంబాలూ అదే గ్రామం చుట్టూ తేలాయి. ఒక గుంపు మొత్తం ఒకేచోట దొరికినప్పుడు పొరపాటుకు అవకాశం బాగా సన్నగిల్లుతుంది.

ఇంత జాగ్రత్త అవసరమా అనిపించవచ్చు. 20వ శతాబ్ది ఆరంభంలో గుస్తావ్ అంజూ అనే వ్యక్తి డబ్బున్న అమెరికన్లకు కల్పిత వంశవృక్షాలు అమ్మి, లేని వీలునామాలను నిజమైన వాటి మధ్య కలిపి పెట్టాడు. అతని కల్పనలు ఇప్పటికీ కుటుంబ చరిత్రల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఈ ధోరణికి ఎదురుగా, ప్రతి తరానికీ ప్రతి బంధానికీ ఆధారం చూపాలన్న నియమాన్ని డొనాల్డ్ లైన్స్ జాకబస్ తన పత్రిక ద్వారా స్థిరపరచాడు. వార్డ్ వ్యాసం వెలువడినది ఆ పత్రికలోనే.

హౌలండ్ సొంత ఊరి ఆచూకీ కూడా ఒక బాకీ వల్లనే చిక్కింది. లండనులో బట్టల వర్తకుల సంఘ సభ్యుడైన హంఫ్రీ హౌలండ్ 1646లో వీలునామా రాస్తూ, న్యూ ఇంగ్లండులో ఉన్న రక్ అనే వ్యక్తి తనకు ఇవ్వవలసిన సొమ్ములో నుంచి ఆర్థర్, జాన్, హెన్రీ అనే సోదరులకు వాటాలు చెందాలని నిర్దేశించాడు. ప్లిమత్ వలసలో ఆర్థర్ హౌలండ్, హెన్రీ హౌలండ్ అనేవారు ఉండడం, ముగ్గురూ అన్నదమ్ములని వేరే ఆధారం లేకపోవడం దృష్ట్యా ఈ వాక్యం చాలా ముఖ్యమైంది. దానిని అనుసరించి వెదకగా కుటుంబం హంటింగ్‌డన్‌షైర్‌లోని ఫెన్‌స్టాంటన్‌కు చెందినదని తేలింది. వయసు విషయం అంత తేలికగా కుదరలేదు. హౌలండ్ మరణాన్ని నమోదు చేసిన ప్లిమత్ గుమాస్తా అతడు ఎనభై దాటినవాడని రాశాడు. అది నిజమైతే ఓడెక్కేనాటికి అతనికి ఇరవై ఏడుకు తక్కువ కాదు. బ్రాడ్‌ఫర్డ్ మాత్రం సముద్రంలో పడినవాణ్ని దృఢకాయుడైన యువకుడిగా చెబుతాడు, పైగా అతడు అప్పటికి ఇంకా సేవకుడు. పండు ముసలివారి వయసును ఊరివారు కొంత పెంచి చెప్పడం ఆ కాలపు మరణ నమోదుల్లో తరచుగా కనిపించే అలవాటు కాబట్టి, కొందరు పరిశోధకులు జననాన్ని 1592 దగ్గరా, మరికొందరు ఆ దశాబ్దం చివరనా ఉంచుతున్నారు.