కొత్త నాటకాన్ని ఆస్వాదించడం ఎలా? – బళ్ళారి రంగస్థలం నేర్పిన పాఠం

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని దేశనూరు, దాని పరిసర గ్రామాలు తెలుగు, కన్నడం రెండూ వినవచ్చే సీమ. ఇక్కడ నాటకమనగానే సామాన్య ప్రేక్షకునికి స్ఫురించేది పౌరాణికమే. హార్మోనియం శ్రుతి, కిరీటధారులైన పాత్రలు, దీర్ఘమైన రాగాలాపన, దానికి ప్రతిగా ‘వన్స్‌మోర్’ కేకలు – ఇవన్నీ ఉంటేనే నాటకం చూసినట్లు. అదే వేదికపై సమకాలీన రచయిత కొత్త నాటకం ప్రదర్శితమైతే ప్రేక్షకుడు తికమకపడతాడు. కథ ముందుగా తెలిసినది కాదు, పద్యం లేదు, పాత్రలు తన వీధిలోని మనుషుల వలె మాట్లాడుతున్నాయి. ‘ఇది కూడా నాటకమేనా?’ అన్న సందేహం అప్పుడే పుడుతుంది.

ఈ సందేహం బళ్ళారికి కొత్తది కాదు. నేడు ప్రాచీనమని గౌరవించబడుతున్న తెలుగు నాటకాలలో కొన్ని ఒకనాడు ఈ ఊరిలోనే, సమకాలీన రచయితల చేతిలో, సరికొత్త ప్రయోగాలుగా వెలువడ్డాయి.

నాటి కొత్త నాటకాలు

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్ళారిలో న్యాయవాది. ఆయన స్థాపించిన సరస వినోదినీ సభ 1887లో ‘చిత్రనళీయం’ నాటకాన్ని ప్రదర్శించింది. అప్పటికి తెలుగు నాటకాలలో అధికభాగం సంస్కృతానువాదాలు. ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజాలు సంగీతంతోను, రంగాలంకరణతోను ప్రేక్షకులను ఆకర్షిస్తున్న కాలమది. ఆచార్యులవారు గద్యాన్ని, పద్యాన్ని, పాటను కలిపి స్వతంత్ర రచన చేశారు. అంతటితో ఆగక ‘విషాద సారంగధర’లో నాటకాన్ని దుఃఖంతో ముగించారు. శుభాంతానికి అలవాటుపడిన సంప్రదాయంలో ఇది సాహసమే. ఆయనకు తరువాత లభించిన ‘ఆంధ్ర నాటక పితామహ’ బిరుదును తలచుకొనేవారు ఈ సాహసాన్ని కూడా తలచుకోవాలి.

ఆయనకు సమకాలికుడు కోలాచలం శ్రీనివాసరావు (1854–1919). ఈయన కూడా బళ్ళారి న్యాయవాదియే. సుమనోరమ సభకు నాయకత్వం వహించి, పురాణాన్ని విడిచి చరిత్ర వైపు దృష్టి సారించారు. ప్రపంచ నాటక చరిత్రపై 1908లో ఆంగ్లంలో గ్రంథం రచించిన పండితుడాయన. ఇద్దరు రచయితలు, రెండు సభలు, ఒకే పట్టణం. ఒకరితో ఒకరు పోటీపడి కొత్త రచనలను రంగమెక్కించారు. వాటిని చూడవచ్చిన ప్రేక్షకులే లేకుంటే ఆ రచనలు వ్రాతప్రతులుగానే మిగిలిపోయేవి.

నటుడు చూపిన మార్గం

ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946). పౌరాణిక, చారిత్రక పాత్రలలో అపార కీర్తి పొందిన ఈ నటుడు ఆ కీర్తితో తృప్తిపడి ఉండవచ్చును. కాని ఆయన పి. వి. రాజమన్నారు రచించిన ‘తప్పెవరిది’ అనే సాంఘిక నాటకాన్ని స్వీకరించి ప్రదర్శించారు. రాజమన్నారు అప్పటికి మద్రాసులో యువ న్యాయవాది. తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, సంగీత నాటక అకాడమీ తొలి అధ్యక్షుడు అయ్యారు. ఇబ్సెన్ ప్రభావం కలిగిన ఆ నాటకంలో దేవతలు లేరు, యుద్ధాలు లేవు. ఉన్నది ఒక సంసారం, అందులో స్త్రీకి జరిగే అన్యాయం. పేరే ఒక ప్రశ్న.

పాట కంటే అభినయం ముఖ్యమని, స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలని రాఘవ వాదించి ఆచరణలో చూపారు. పాత నాటకంలో తాను సాధించిన నైపుణ్యాన్ని కొత్త రచన సేవకు వినియోగించడం ఆయన గొప్పతనం. బళ్ళారిలోని రాఘవ కళామందిరం నేడు ఆయన పేరును నిలుపుతున్నది.

ఒకే చరిత్ర, రెండు నాటకాలు

పాతనాటకం, కొత్తనాటకం పక్కపక్కన పెట్టి చూడదలచినవారికి ఈ సీమలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. కోలాచలంవారు విజయనగర సామ్రాజ్య పతనాన్ని ‘రామరాజు చరిత్ర’గా నాటకీకరించారు. అందులోని పఠాన్ రుస్తుం పాత్ర రాఘవకు పేరు తెచ్చింది. శతాబ్దానికి పైగా గడచిన తరువాత గిరీశ్ కర్నాడ్ అదే రామరాయలపై, అదే 1565 నాటి యుద్ధంపై కన్నడంలో ‘రాక్షస తంగడి’ రచించారు. ఇది 2018లో వెలువడింది. మరుసటి సంవత్సరమే రచయిత కన్నుమూశారు.

వస్తువు ఒకటే అయినా చూపు వేరు. కర్నాడ్ ఆ యుద్ధాన్ని రెండు మతాల పోరాటంగా మాత్రమే చూడలేదు. రామరాయల అధికారకాంక్ష, వంశాభిమానం, సుల్తానులతో ఆయనకు గల చిక్కుముడి వంటి సంబంధాలు నాటకానికి కేంద్రమయ్యాయి. హంపీ శిథిలాలకు చేరువలో నివసించే ప్రేక్షకునికి ఈ కథ పరాయిది కాదు. తెలిసిన కథను కొత్త రచయిత ఏ ప్రశ్నతో మళ్ళీ తెరచినాడో గుర్తించడమే ఇక్కడ ఆస్వాదన. రెండు భాషలూ తెలిసిన సరిహద్దు ప్రేక్షకునికి ఈ తులన ఇతరుల కంటే సులభం.

గమనించవలసిన అంశాలు

కొత్త నాటకం చూసేటప్పుడు ఈ క్రింది విషయాలపై దృష్టి ఉంచడం మేలు.

మొదటిది సంఘర్షణ. పౌరాణికంలో కథ తెలుసు కనుక ప్రేక్షకుడు ‘ఎలా పాడాడు?’ అని చూస్తాడు. కొత్త నాటకంలో ‘ఎవరికి ఏమి కావాలి? అడ్డుపడుతున్నదేమిటి?’ అని చూడాలి. గొల్లపూడి మారుతీరావు ‘కళ్ళు’ నాటికలో చూపులేని బిచ్చగాళ్ళలో ఒకనికి చూపు వస్తుంది. చూపు రావడం కథకు ముగింపు కాదు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. ఆ మలుపును పట్టుకున్న ప్రేక్షకునికి నాటిక మొత్తం చేజిక్కుతుంది.

రెండవది భాష. పాటిబండ్ల ఆనందరావు ‘పడమటి గాలి’ వంటి నాటకాలలో పల్లె పలుకుబడియే పాత్రల ప్రాణం. మాండలికాన్ని హాస్యానికే పరిమితం చేసినారా, లేక దుఃఖాన్ని, ఆలోచనను కూడా దానితోనే పలికించారా అన్నది పరిశీలించాలి.

మూడవది మౌనం. సంభాషణల నడుమ విరామం నటుని మరపు కాకపోవచ్చు. పద్యం చివర రాగం చేసే పనిని ఆధునిక నాటకంలో చాలాసార్లు మౌనం చేస్తుంది.

నాలుగవది రచనను, ప్రదర్శనను వేరుచేసి చూడటం. మైకు సరిగా పలుకకపోవడం, నటుడు తడబడటం రచయిత దోషాలు కావు. అట్లే ప్రసిద్ధ నటుని ప్రతిభ బలహీన రచనను కప్పిపుచ్చవచ్చును. వీలైతే వ్రాతప్రతిని చదవడం ఇందుకు ఉత్తమ మార్గం.

ఐదవది, కొత్తదనమే గుణం కాదని గుర్తించడం. ఉపన్యాసాన్ని పాత్రల నోట పంచిపెడితే అది నాటకం కాదు. నచ్చని నాటకాన్ని నచ్చలేదని చెప్పడం కూడా ఆదరణలో భాగమే. అయితే కారణం చెప్పాలి.

రెండవ ప్రదర్శన లేని నాటకం

1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలుకొని అనేక పరిషత్తులు పోటీల ద్వారా కొత్త రచనకు ఊపిరి పోశాయి. అయితే పోటీకై వ్రాయబడిన నాటకం పోటీతోనే ముగిసిపోయే ప్రమాదం ఉన్నది. న్యాయనిర్ణేతలు చూస్తారు. పల్లె ప్రేక్షకుడు చూడడు.

సరిహద్దులో ఈ దూరం మరింత ఎక్కువ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండగా, బళ్ళారి, సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో చేరాయి. తెలుగు నాటకానికి పుట్టినిండ్లలో ఒకటైన ఊరు తెలుగు పరిషత్తుల పటానికి అంచున నిలిచింది. ఇక్కడ కొత్త తెలుగు నాటకం బ్రతకవలెనంటే స్థానిక ప్రేక్షకుడే దిక్కు.

అందుకు పెద్ద నిధులు అవసరం లేదు. పండుగనాటి పౌరాణికానికి ముందు ఒక గంట కొత్త నాటికకు కేటాయించవచ్చును. ప్రదర్శన ముగిసిన పిమ్మట పది నిమిషాలు రచయితతోను, నటులతోను మాట్లాడవచ్చును. అన్నిటినీ మించి, మంచి నాటకాన్ని రెండవసారి పిలిపించవచ్చును. పద్యానికి ‘వన్స్‌మోర్’ అనే అలవాటు ఈ సీమ ప్రేక్షకునికి ఉండనే ఉన్నది. ఆ పిలుపు ఒక కొత్త నాటకం మొత్తానికి దక్కిన నాడు ధర్మవరం, కోలాచలం వారల బళ్ళారి మళ్ళీ బళ్ళారి అవుతుంది.