వరి బస్తానుండి కూరగాయల గంపవరకు: గోదావరి సీమలో సహకారము

గోదావరి డెల్టాను మనము అన్నపూర్ణ అని పిలుచుకొందుము. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట ఈ సీమకు అన్నము పెట్టినది. అయితే విస్తరిలో అన్నమొక్కటే చాలదు. ప్రక్కన కూర ఉండవలెను. కాలువనీరు పారిన పల్లపు చేలను వరి ఆక్రమించుకొనగా, వంగ, బెండ, దొండ, పొట్ల మొదలైనవి మెరకలకును, పెరళ్లకును, గోదావరి నడుమనున్న లంకలకును చేరినవి.

లంకలో కాసిన కాయకు ఒక చిక్కున్నది. ధాన్యమును గాదెలో పోసి ధరకై వేచియుండవచ్చును. కోసిన వంకాయ మరునాటికే వడలిపోవును. రేవు దాటి పట్టణము చేరిన రైతు తన గంపను తిరిగి ఇంటికి మోసికొనిపోలేడు. ఆ తొందరయే దళారికి బలము. తరుగు, కమిషను, కూలి పోగా రైతు చేతికి దక్కునది స్వల్పము. పలుచేతులు మారి మన గుమ్మము చేరుసరికి ధర హెచ్చు. పండించువాడు, తినువాడు ఇద్దరును నష్టపడుదురు. ఒకరి కష్టము ఒకరికి తెలియదు.

ఇట్టి ఎడమును తగ్గించుటకే సహకారము పుట్టినది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది సామాన్యులు వాటాలు వేసికొని పిండి, వెన్న, చక్కెర అమ్ము చిన్న అంగడి తెరచిరి. సరియైన తూకము, కల్తీలేని సరుకు, రొక్కపు బేరము, మనిషికొక ఓటు, మిగులును కొనుగోళ్లనుబట్టి సభ్యులకే పంచుట వారి నియమములు.

మన ప్రాంతమునకు సహకారము అప్పు రూపమున వచ్చినది. మద్రాసు ప్రభుత్వమునకై ఫ్రెడరిక్ నికల్సన్ యూరపు గ్రామీణ బ్యాంకులను పరిశీలించి 1895–97లో నివేదిక నొసగెను. 1904 నాటి చట్టము పరపతి సంఘములకు మాత్రమే ఆధారమైనది. 1912 చట్టము తక్కిన సంఘములకు త్రోవ తీసినది. ఏలూరు వాస్తవ్యులు మోచర్ల రామచంద్రరావు పంతులుగారి వంటి పెద్దలు ఈ ఉద్యమమునకు అండగా నిలిచిరి. అయినను సంఘముల చూపు ముఖ్యముగా వరిచేని పెట్టుబడి మీదనే నిలిచినది. కూరగాయల గంప వెనుకబడినది.

పొరుగున బెంగుళూరులో 1959లో ద్రాక్ష రైతులు నెలకొల్పిన సహకార సంఘము, కాలక్రమమున పండ్లు, కూరగాయలు అమ్ము ‘హాప్‌కామ్స్’గా పెరిగినది. మన రాష్ట్రమున 1999 జనవరి 26న రైతు బజారులు ఆరంభమైనవి. గుర్తింపు కార్డుగల రైతు స్వయముగా అమ్ముకొనును; టోకు ధరకంటె సుమారు పావువంతు హెచ్చుగా, చిల్లర ధరకంటె పావువంతు తక్కువగా ధర ఉండవలెనన్నది సూత్రము. ఆనాటి ధరలు పలకమీద కనబడును. ఇది మేలైన ఏర్పాటే. కాని అచ్చట నీడ ప్రభుత్వముది. కొనువారము మనము వచ్చి పోవువారమే గాని సభ్యులము గాము. అమ్ముడుపోని గంప భారము ఇంకను రైతుదే.

ఈ లోపమును పూరించు మార్గము మరియొకచోట కనబడుచున్నది. 1965లో టోక్యో నగరమున సుమారు 200 మంది గృహిణులు పాలను కలసి కొన మొదలిడిరి. అదియే పిమ్మట ‘సెయికత్సు క్లబ్’ అను పెద్ద సహకార సంస్థయైనది. వారి కిటుకు ఒక్కటే: ఏమి కావలెనో, ఎంత కావలెనో ముందుగనే కలసి చెప్పుట. కోతకు ముందే కొనువాడు కుదిరినచో కాయ వడలునను భయము రైతును తరుమదు; దళారి బలము అక్కడనే సడలును.

మనకు చట్టపు అడ్డు లేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము, వేర్వేరు కుటుంబములకు చెందిన పదిమంది కూడినను సంఘము పెట్టుకొన వీలు కల్పించినది. వలసినది మన నిబ్బరము. వాటా కట్టి సభ్యులమగుట యనగా చవుకకూర పొందుట మాత్రమే కాదు. ఋతువు ఇచ్చినదానిని తినుట, బజారులో ధర పడిపోయిన దినమున కూడ మాట తప్పకుండుట. వరద వచ్చి లంకలు మునిగిన శ్రావణ భాద్రపదములలో మన గంప వెలితిపడును. ఆ వెలితిని రైతుతోపాటు పంచుకొన సిద్ధపడిననాడే, మిగిలిన మాసములలో సరసమైన ధర అడుగు హక్కు మనకు కలుగును.