పెట్టెలో రావణుడి వెల

ఎర్రగుంట్ల మండలం చిలమకూరు పేరు తెలుగు శాసనాల చరిత్ర చదివినవారికి కొత్త కాదు. రేనాటి చోళుల నాటి శాసనం అక్కడిది. అదే మండలంలోని కలమళ్లలో ధనంజయుడు వేయించిన శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు లెక్కగట్టారు. రాతి మీద చెక్కిన మాట వెయ్యేళ్లు దాటి నిలిచిన సీమ ఇది. ఈ సీమలోనే తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి అందుతూ వచ్చిన మరో కళ ఉంది. అది చెక్కినది రాతి మీద కాదు, తోలు మీద. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో పెళుసెక్కుతుంది, పురుగు పట్టిందంటే జల్లెడైపోతుంది. అయినా కొన్ని ఇళ్లలో తాతముత్తాతల నాటి తోలుబొమ్మలు నేటికీ పెట్టెల్లో ఉన్నాయి.

పులివెందుల నుంచి పడమటికి, ధర్మవరం వైపు వెళ్తే నిమ్మలకుంట వస్తుంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. తోలుబొమ్మల ఊరుగా దానికి దేశమంతటా పేరుంది. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు ఆ ఊరివారే. ఈ విద్య ఎక్కువగా ఆరె కులస్తులది. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, తెర వెనక పాడేది తెలుగు. గోన బుద్ధారెడ్డి పేరున ఉన్న రంగనాథ రామాయణం ద్విపదలను తరతరాలుగా నోటికి పట్టి నిలిపినవారిలో ఈ ఆటగాళ్లు ముందు వరుసలో ఉంటారు. ఆట మాత్రం వారికంటే పాతది. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే తోలుబొమ్మలాటను ప్రస్తావించాడు.

ఇంతకీ ఆ పెట్టెలో ఏముంటాయి? రాముడు, సీత, ఆంజనేయుడు, పది తలల రావణుడు, కడుపుబ్బ నవ్వించడానికి జుట్టు పోలిగాడు, బంగారక్క. ఆంధ్ర బొమ్మలు దేశంలోని తోలుబొమ్మల్లోకెల్లా పెద్దవి, నాలుగైదు అడుగులు ఉండటం మామూలు. దేవుళ్లకూ ఇతిహాస వీరులకూ జింక తోలు, మిగతా పాత్రలకు మేక తోలు వాడటం పాత పద్ధతి. వెంట్రుకలు గీకేసి, లాగి కట్టి ఆరబెట్టి, వెలుతురు అవతలికి దిగేంత పలచన చేస్తారు. బొమ్మ గీసి, సన్నని ఉలులతో నగలూ చీర అంచులూ చిల్లులుగా కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. చేతులూ కాళ్లూ దారపు ముడులతో కదులుతాయి. నడిమధ్య నిలువునా ఒక బద్ద. వెనక దీపం వెలిగితే ఆ చిల్లుల్లోంచి దూరి వచ్చే వెలుగే తెర మీద నగల తళుకు.

అంటే ఈ బొమ్మ గోడకు వేలాడదీసే పటం కాదు. రాత్రంతా ఆడేది. శివరాత్రి జాగరణకు ఆడింది, వానలు పడక ఊరివాళ్లు మొక్కుకుంటే ఆడింది. ఆడేకొద్దీ ముడి దగ్గర తోలు చిరుగుతుంది, పట్టుకునే చోట చేతి మసి పడుతుంది, దీపపు పొగకు రంగు మందగిస్తుంది. ఆటగాడి మరమ్మతు అక్కడే మొదలవుతుంది. చిరిగినచోట వేరే తోలు ముక్క పెట్టి కుడతాడు, తెగిన ముడి మార్చి కడతాడు, వెలిసిన రంగు మీద మళ్లీ రంగు పూస్తాడు. ఒక పాత బొమ్మను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఈ అతుకులన్నీ నల్లగా కనిపిస్తాయి. ఏ తరం ఎక్కడ చెయ్యి వేసిందో అందులో రాసి ఉన్నట్టే. ఇక బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైన బొమ్మను చెత్తలో వేయడం మహాపాపం. దాన్ని ఏటిలో నిమజ్జనం చేయడం ఆనవాయితీ.

ఆ ఆనవాయితీలోకి కొనుగోలుదారులు వచ్చారు. సినిమా వచ్చి ఆటకు పిలిచేవాళ్లు తగ్గాక, ఇల్లు గడవని కుటుంబాలు పాత బొమ్మలను అమ్ముకున్నాయి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరపు లిండెన్ మ్యూజియంలో దక్షిణ భారత తోలుబొమ్మలు ఇవాళ భద్రంగా ఉన్నాయి. ఇక్కడ ఏటిలో కలవాల్సిన బొమ్మలు కొన్ని అక్కడ బతికాయని సంతోషించవచ్చు. కానీ ఒక ఆటకు కావలసిన బొమ్మలన్నీ కలిసి ఉంటేనే దాన్ని మేళం అంటాం. రాముడు ఒక దేశంలో, సీత ఒక దేశంలో పడితే మిగిలేది విడి బొమ్మలే. నిమ్మలకుంట కళాకారులు మాత్రం చెయ్యి ముడుచుకు కూర్చోలేదు. అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడ పటాలు చేసి బతుకుతెరువు నిలుపుకున్నారు. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మరి ఇంట్లో మిగిలిన పాత బొమ్మకు వెల ఎలా కట్టాలి? ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పాత నగకు గీటురాయి ఉంది, తూకం ఉంది, తరుగు లెక్క ఉంది. తోలుబొమ్మకు అలాంటి గీటురాయి లేదు. దాని విలువ నాలుగైదు సంగతుల మీద ఆధారపడుతుంది. బొమ్మ ఏ పాత్రది, ఏ కుటుంబం ఆడింది, ఏ కాలానిది, తొలి రంగు ఎంత మిగిలింది, జతలోని మిగతా బొమ్మలు ఉన్నాయా. వీటిలో మొదటి రెండింటికి సరైన జవాబు ఎక్కువగా ఇంటి పెద్దల నోటే దొరుకుతుంది. వ్యాపారి కొనేటప్పుడు ఆ వివరాలు అడగడు, కుటుంబమూ చెప్పదు. చేతులు మారగానే రాముడన్న పేరు పోయి ‘పురాతన బొమ్మ, దక్షిణ భారతం’ అన్న చీటీ మిగులుతుంది. జరుగుతున్న నష్టాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళా సంపద చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. వందేళ్లు దాటిన కళావస్తువు దాని కింద పురావస్తువే. లైసెన్సు లేనివారు దాని వ్యాపారం చేయకూడదు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. జింక తోలు బొమ్మలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. కనుక గుమ్మం ముందుకొచ్చి రొక్కం చూపించే మనిషికి తొందరపడి ఇచ్చేయడం మంచిది కాదు.

బాగుచేయడంలోనూ ఇల్లూ మ్యూజియమూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. ఆడే బొమ్మకు ఆటగాడి మరమ్మతే సరైనది. తెర మీద వెలగకపోతే అది రాముడు కాలేదు. ఆట మానేసి పెట్టెలో ఉన్న పాత బొమ్మకు మాత్రం కొత్త రంగు పూయడం కీడు చేస్తుంది. తాత వేసిన గీత ఆ రంగు కింద మరుగున పడిపోతుంది, మళ్లీ పైకి రాదు. తడి గుడ్డతో తుడిస్తే పాత రంగు కరిగి పాకుతుంది, తోలు ముడుచుకుంటుంది. వార్నిష్ వేస్తే కొన్నాళ్లకు పసుపెక్కుతుంది. సెల్లోటేపు జిగురు తోలులోకి ఇంకి మరక కడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే లోపల చెమ్మకు బూజు పడుతుంది. మ్యూజియం నిపుణులు మెత్తని కుంచెతో పొడి దుమ్ము దులిపి, ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి, చీకటిగా, తేమ హెచ్చుతగ్గులు లేని చోట ఉంచుతారు. ప్రదర్శనలో పెట్టినా వెలుతురును సుమారు 50 లక్స్‌కు మించనివ్వరు. చిరుగు అతికినా, రేపు వేరొకరు విప్పి మళ్లీ అతకగలిగేట్టు అతుకుతారు. పాత కుట్టును మాత్రం విప్పరు, అదీ బొమ్మ చరిత్రలో భాగమే గనుక.

ఇంట్లో ఇలాంటి పెట్టె ఉన్నవారు ముందు చేయవలసిన పని డబ్బు ఖర్చు లేనిది. ఒక్కో బొమ్మనూ ముందూ వెనకా, వెనక దీపం పెట్టి మరోసారీ ఫోటో తీయండి. అది ఎవరి బొమ్మో, ఎవరు చేశారో, ఏ ఊళ్లలో ఆడిందో పెద్దలను అడిగి ఒక నోటు పుస్తకంలో రాయండి. అమ్మక తప్పని రోజు వస్తే మేళాన్ని విడదీయకుండా, ఆ పుస్తకంతో సహా, మన రాష్ట్రంలోని మ్యూజియాన్నే ముందు అడగండి.