కిల్లేదారు, హవల్దారు, నవాబు: కృష్ణా తీరపు పదవీనామాలు

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాన్ని ఏలిన అధికారుల బిరుదుల్లో చాలా వాటికి మూలం అరబ్బీ. మధ్యయుగాల్లో అదే భాష స్పెయిన్, పోర్చుగల్ దేశాలకూ పదవుల పేర్లు ఇచ్చింది. అల్ ఖాయిద్ అంటే నాయకుడు. అతడే స్పానిషులో కోటకు అధిపతియైన ‘అల్‌కైదె’ అయ్యాడు. న్యాయాధికారి అల్ ఖాదీ పట్టణాధ్యక్షుడైన ‘అల్‌కాల్దె’గా మారాడు. మంత్రిని సూచించే అల్ వజీర్ ‘అల్గ్వసిల్’ అయి, చివరికి కోర్టు బంట్రోతు స్థాయికి దిగింది.

మన వైపు ఈ మాటలు పారసీకం మీదుగా వచ్చాయి. అరబ్బీ మాటకు పారసీక ప్రత్యయం ‘దార్’ చేరింది. ఖిల్‌అ నుంచి కిల్లేదారు, ఫౌజు నుంచి ఫౌజుదారు, హవాలా నుంచి హవల్దారు పుట్టారు.

కొండవీటి దుర్గాన్ని 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలిచాక సాళువ తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి ఆ సీమను పాలించాడు. ఆ శతాబ్దం చివర్లో గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చాక ఆ సీమ పేరు ముర్తజానగర్ అయింది. పాలకులతోపాటు పదవుల పేర్లూ మారాయి.

రేపల్లెకు దిగువన ఉన్న నిజాంపట్నాన్ని ఐరోపా వర్తకులు పెద్దపల్లి అనే పేరును బట్టి ‘పెటపోలి’ అని రాసుకున్నారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తకస్థానం పెట్టారు. 1611లో ఇంగ్లీషు ఓడ ‘గ్లోబ్’ ముందు అక్కడికి, తర్వాత మచిలీపట్నానికి చేరింది. ఈ తీరపు రేవుల్లో గోల్కొండ హవల్దారుదే పెత్తనం. సుంకాలు, వర్తకుల తగాదాలు అతని దగ్గరే తేలేవి. ఆదాయాన్ని ఇజారాకు తీసుకున్నవాడు కనుక పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి ప్రజలను, వర్తకులను పీడించేవాడు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు అతణ్ణి ‘గవర్నరు’ అని రాశారు. నేటి సైన్యంలో హవల్దారు సార్జెంటుతో సమానం. స్పెయిన్‌లో వజీరుకు పట్టిన గతే ఇక్కడ రేవు పాలకుడికీ పట్టింది.

నవాబు కథ దీనికి ఎదురు. ప్రతినిధి అనే అర్థమున్న నాయిబ్‌కు బహువచనం నువ్వాబ్. దాన్ని గౌరవార్థంలో ఒక్కడికే వాడారు. పోర్చుగీసు ‘నబాబు’ మీదుగా అది ఇంగ్లీషులో ‘నేబాబ్’ అయి, ఇండియాలో డబ్బు కూడబెట్టుకుని లండన్ చేరిన కంపెనీ ఉద్యోగికి నిందావాచకంగా స్థిరపడింది. 1772లో శామ్యూల్ ఫుట్ ఆ పేరుతోనే నాటకం రాశాడు. ఇక్కడ దోచినవాళ్లను అక్కడ ఇక్కడి బిరుదుతోనే పిలిచారన్నది మరువరాని విషయం.

1766లో నిజాంతో కుదిరిన ఒప్పందంలో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కినా, ఈ ప్రాంతం ఉన్న గుంటూరు సర్కారు నిజాం సోదరుడు బసాలత్ జంగ్‌కు అతని జీవితకాలం వరకు ఉండిపోయింది. అతడు 1782లో మరణించాడు. కంపెనీ 1788లో దాన్ని తీసుకుంది. ఆ తర్వాత ఈ సీమలో కిల్లేదారుకు, ఫౌజుదారుకు పని లేకపోయింది. వసూలు అనే అర్థమున్న ‘తహ్‌సీల్’ నుంచి వచ్చిన తహశీల్దారు మాత్రం కంపెనీకి అవసరమయ్యాడు. 1985లో మండలాలు వచ్చినప్పుడు ఆ హోదా మండల రెవెన్యూ అధికారిగా మారినా, తర్వాత పాత పేరే తిరిగి వచ్చింది. తెనాలి, రేపల్లె, బాపట్ల మండలాల్లో రెవెన్యూ అధికారి నేటికీ తహశీల్దారే.