దళితవాడల వీడియో క్యాసెట్లు: చరిత్రకు ఆధారాలు

చరిత్రకు ఆధారాలంటే శాసనాలు, కైఫీయత్తులు, గెజిటీర్లు అని మనకు నేర్పారు. బందరు, గుడివాడ, దివిసీమల మాల, మాదిగ పల్లెలకు వాటిలో దక్కిన చోటెంత? దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెనకు గుడిసెలే పోయినచోట కాగితాలెక్కడ మిగులుతాయి? చుండూరు హత్యలు 1991లో జరిగితే, ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు కాగితాల్లో ఉండేది ఇదే. సభల్లో మనవాళ్ళు ఏం మాట్లాడారో అక్కడ దొరకదు.

అది కొంత క్యాసెట్లలో ఉంది. 1991 అంబేద్కర్ శతజయంతికి మా పేటలో జరిగిన ఊరేగింపును పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడే తీశాడు. తర్వాత దాన్ని ఒక షాపులో సీడీ చేయించాం. ముందు నడిచిన నాటుకూలీ ఆడవాళ్ళ ముఖాలు అందులో పిండిముద్దల్లా వచ్చాయి. క్యాసెట్టే పాడైందనుకున్నాం. కాదు, నకలు తీసిన తీరే సగం తినేసింది.

మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఒక్కో బొమ్మకు 625 గీతలు, కంటికి కనపడేవి 576. బేసి గీతలొక విడత, సరి గీతలొక విడత, మొత్తం సెకనుకు 50 విడతలు. ఆ సీడీ కొలత 352 × 288. అంటే రెండు విడతల్లో ఒకటి పారేసినట్టే. క్యాప్చర్ కార్డుని 720 × 576కి పెట్టి, నష్టం లేకుండా పట్టాలి. గంటకు 30 గిగాబైట్ల దాకా అవుతుంది, కానీండి. అడ్డంగా వీహెచ్‌ఎస్‌లో ఉండే వివరం 240 గీతల మేరకే. కాబట్టి 1080 అని గొప్పలు పోతే లేనిది పుట్టదు. ఇప్పుడు కృత్రిమ మేధతో ముఖాలు తేటచేస్తామంటున్నారు. ఆ ముఖం మా పెద్దమ్మది కాదు, యంత్రం అల్లింది. చరిత్రకారుడికి అది దొంగ సాక్ష్యం.

ఆలస్యం చేసే వీలూ లేదు. బందరు ఉప్పుగాలికి, చెమ్మకి టేపు బూజుపడుతుంది. బూజు క్యాసెట్టు వేస్తే ప్లేయర్ హెడ్డుకు పట్టి, తర్వాతి క్యాసెట్టుకూ అంటుతుంది. కొత్త ప్లేయర్ కొందామా అంటే, చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆపేసింది.

మా క్యాసెట్టు మళ్ళీ పట్టాం. బ్యానరు మీద సంఘం పేరు చదవగలిగాం. వక్తల పేర్లు కరపత్రంలో ఎటూ ఉన్నాయి. ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పేటలో టీవీ పెట్టి చూపిస్తే, రెండో వరసలో జెండా పట్టుకున్న ముసలమ్మని మనవరాలు గుర్తుపట్టింది. ఆ సాయంత్రం తొమ్మిదిమంది పేర్లు రాసుకున్నాం. ఇంకా నలుగురెవరో తేలలేదు.