కపాలాస్థియు విద్యుద్వాహకతయు : ఒక సంఖ్య చరిత్ర

తలపై లోహపు బిళ్లల నంటించి మెదడు విద్యుత్తును గీతలుగా గ్రహించు ఇ.ఇ.జి. పరీక్షను ఎఱుగనివారు నేడు తక్కువ. ఆ గీతలను చూచి మూర్ఛవ్యాధి కలదని చెప్పుట యొక పని. ఆ మూర్ఛ మెదడులో ఏ తావున పుట్టుచున్నదో చెప్పుట వేఱొక పని. రెండవది శస్త్రవైద్యునికి కత్తి పెట్టవలసిన చోటు చూపవలసినది. దాని లెక్కలో తప్పు దొరలెనా, నష్టపోవువాడు రోగి. తల యెముక విద్యుత్తు నెంత నిరోధించునను ప్రశ్న ఆ లెక్కకు ఆయువుపట్టు.

ఇందలి చిక్కును జర్మనీ దేశీయుడగు హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే, అనగా మెదడు విద్యుత్తు నెవరును కొలువకమునుపే, చూపెను. వాహకవస్తువు లోపల విద్యుజ్జనకము ఎచ్చట నున్నదో తెలిసినచో ఉపరితలమందలి వోల్టేజిని గణింపవచ్చును. ఉపరితలమును మాత్రమే కొలిచి జనకమును నిశ్చయింపబూనినచో సమాధానములు అసంఖ్యాకములు. మొదటిదానిని అనులోమసమస్య యనియు, రెండవదానిని విలోమసమస్య యనియు అందము. విలోమమునకు దారి అనులోమము గుండనే కలదు: జనకమును గూర్చి యొక యూహ చేసి, గణించి, కొలతతో సరిచూడవలెను. గణించుటకు తల యందలి పొరల వాహకత తెలియవలెను.

1875లో లివర్‌పూలు నగరమున కేటన్ జంతువుల మెదళ్లపై విద్యుత్తును కనుగొనెను. యేనా నగర వైద్యుడు బెర్గర్ 1924లో మానవుని నుండి గ్రహించి, 1929లో ప్రకటించెను. అతడు తొలుత ఎన్నుకొన్నది కపాలమున ఎముక లోపించిన రోగులను! ఎముక అడ్డమని అతడెఱుగును.

టెంకాయను తలచుకొన్నచో పొరలు బోధపడును: పీచు చర్మము, చిప్ప కపాలము, కొబ్బరి మెదడు. పోలిక యింతవఱకే, టెంకాయలో నీరు నడుమ నుండును, తలలోనో ఎముకకును మెదడునకును మధ్య నుండును. ఆ నీరు మిక్కిలి మంచి వాహకము. దేహపు వేడిమివద్ద దాని వాహకత మీటరునకు సుమారు 1.79 సీమెన్సులని 1997లో కొలిచిరి. చర్మమునకును మెదడునకును 0.33 అని వాడుక. ఎముక దుర్వాహకము. విద్యుత్తు దానిని సూటిగా దాటలేక ప్రక్కలకు ప్రాకి, చర్మముపై మసకబారిన ముద్రగా తేలును.

1950లో విల్సన్, బేలీ అనువారు ఏకరూపమగు గోళములో కేంద్రమునకు దూరముగా నున్న ద్విధ్రువమునకు సూత్రము కట్టిరి. 1968, 1969 సంవత్సరములలో రష్, డ్రిస్కాల్ అనువారు తలను ఏకకేంద్రగోళములుగా భావించి, కపాలమును వాహకద్రవమున ముంచి కొలిచి, ఎముక నిరోధము అందు నిండిన ద్రవపు నిరోధమునకు 80 రెట్లని తేల్చిరి. వారి పనిని తక్కువచేయుట నా యుద్దేశము గాదు. కాని 0.33ను 80చే భాగింపగా వచ్చు సుమారు 0.004 అను అంకె ముప్పదియేండ్లు ప్రశ్న లేకుండ చేతులు మాఱెను. కొలిచినది ద్రవమున నానిన మృతాస్థిని. వాడినది నెత్తురు పాఱు బ్రతికిన యెముకకు. 1989లో హమలైనెన్, సార్వస్ అనువారు నిజమైన తల యాకృతితో గణించు పద్ధతిని సమకూర్చిరి. గోళము పోయెను గాని సంఖ్య పోలేదు.

2000లో ఓస్టెన్‌డార్ప్, డెల్బెకె, స్టెగెమన్ అనువారు బ్రతికియున్నవారి తలలోనికి స్వల్పవిద్యుత్తును పంపియు, మృతకపాలపు ముక్కను విడిగా కొలిచియు, నిష్పత్తి 80 గాదు, 15 అనిరి, ఎముకకు 0.015 సీమెన్సులు. 2003లో హుకెమా ప్రభృతులు మూర్ఛరోగుల శస్త్రచికిత్సలో తాత్కాలికముగా తీసిన యెముకలను అప్పటికప్పుడు కొలువగా, 0.032 మొదలు 0.080 వఱకు వచ్చెను. ఎంత వ్యత్యాసము!

పాత సంఖ్య చేయు కీడెట్టిదనగా: ఎముక ముద్రను మిక్కిలి మసక చేయునని నమ్మిన గణకుడు, తాను కొలిచిన ముద్ర తన లెక్కకంటె స్పష్టముగా నుండుట చూచి, జనకము పైపైననే యున్నదని తలచును. నిజముగా నది లోతున నుండును.

ఎముకయు ఏకరూపము గాదు. రెండు గట్టి పలకల నడుమ మెత్తని పొర కలదు. అది మేలైన వాహకము. పసిబిడ్డల మాడువద్ద ఎముకయే పూర్తిగా మూయబడదు. మెదడులోని తెల్లపదార్థము నారల పొడవున ఎక్కువగను, అడ్డముగ తక్కువగను విద్యుత్తును పోనిచ్చును. కావున ఎం.ఆర్.ఐ. చిత్రమునుండి ఎవరి తలకు వారి నమూనా కట్టుచున్నారు. ఎముక సంఖ్యకు కొందఱు వేఱొక యుపాయము పన్నిరి: మణికట్టు నాడిని స్వల్పవిద్యుత్తుచే తట్టుదురు. దానికి మెదడులో బదులు పుట్టు తావు మునుపే తెలిసినది. లెక్క ఆ తావును చూపువఱకు ఎముక వాహకతను సవరించి, ఆ సంఖ్యతోనే ఆ రోగి మూర్ఛ తావును వెదకుదురు.